చాయ్ బెంచీ మీది తారీఖ్

నాతవరం సెంటర్‌లో పొద్దున్నే చాయ్ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన అడిగాడు: "ఏటండీ సాయిబుగారూ, బిర్యానీ అంటే హైదరాబాదేనా? మరి మా వైజాగుది బిర్యానీ కాదేటి?" పేపర్ పని మీద ఊళ్లు తిరిగేవాణ్ని కదా, నా ఫైసలా కావాలట.

చెప్పాను. హైదరాబాద్‌ది కచ్చే గోష్త్ బిర్యానీ. మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, దేగ్చీ మూత చుట్టూ పిండి పెట్టి దమ్ చేస్తారు. నా జుబాన్ మరిగింది దానికే. విశాఖ, బెజవాడల్లో ఫ్రై పీస్ బిర్యానీ. అన్నం వేరే, ముక్క వేరే. కరివేపాకుతో వేపిన కోడిముక్కల్ని అన్నం మీద వేసి ఇస్తారు. హైదరాబాద్ దోస్తులు దాన్ని చూసి నవ్వుతారు. ఒకప్పుడు నేనూ నవ్వాను. కానీ బిర్యానీ అనే మాట ఫార్సీ 'బిర్యాన్' నుంచి వచ్చింది. అంటే వేపినది, కాల్చినది. ఆ హిసాబ్‌లో పేరుకి వఫాదారీ చూపిస్తున్నది ఫ్రై పీసే! పెద్దాయన ఖుష్.

"అయినా బిర్యానీ మీదే కదండీ" అన్నాడు, ముహబ్బత్‌తోనే. అయితే హల్వా ఎవరిది? మన అనకాపల్లి జిల్లాలోనే మాడుగుల ఉంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, నెయ్యి పోసి గంటలకొద్దీ తిప్పుతారు. వందేళ్లకు పైగా ఆ ఊరికి అదే ఇజ్జత్. 'హల్వా' మాత్రం అరబ్బీ మాట. తీపి అని దాని మానే. అరబ్బీ రానివాళ్ల చేతిలో అది తెలుగుదైపోయింది. హలీమ్ కూడా అరబ్బుల హరీస్ నుంచే వచ్చింది. 2010లో హైదరాబాద్ పేరు మీద జీఐ గుర్తింపు తెచ్చుకుంది.

సమోసా కథ ఇంకా మజా. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారులో ఇబ్న్ బతూతా తిన్నది ఖీమా, బాదం, పిస్తా కూరిన సమోసా. మన బస్టాండుల్లో దొరికేది ఉల్లిపాయదో, ఆలుగడ్డదో. ఆ ఆలుగడ్డా, పక్కన కొరుక్కునే పచ్చిమిర్చీ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడలు మన తీరానికి రావడం మొదలైన తర్వాత వచ్చినవి. కడప కారం దోశ, బెజవాడ ఇడ్లీ మీది కారప్పొడి, అన్నీ ఆ ముసాఫిర్ మిర్చీ దయే. నన్నడిగితే కారం దోశకి కడప, వెన్న వేసిన ఇడ్లీకి బెజవాడ. ఈ మాట మీద ఎవరితోనైనా బహస్‌కి తయ్యార్.

కానీ తిండి మీద రాయ్ చెప్పాలంటే, ముందు హోటల్ లోపలికి రానివ్వాలి కదా. ఈ నాతవరం మద్రాసు రాష్ట్రంలో ఉన్న జమానాలో చాలా హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండే రివాజు. రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముస్లిం పానీ' అని కేకలు. దళితులకైతే గుమ్మం కూడా లేదు. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా హైదరాబాద్ చేరినవాళ్లు పెట్టిన చాయ్ హోటళ్లకి నేను సలాం చేసేది చాయ్ కోసం మాత్రమే కాదు. పాలరాతి బల్ల ముందు అన్ని రకాల మనుషులూ కూర్చున్నందుకు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల మాట సాఫ్‌గా రాశారు. మతం, కులం పేరుతో దుకాణాల్లోకి, హోటళ్లలోకి రానివ్వకపోవడం కుదరదని. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం దానికి సజా కూడా పెట్టింది.

కాగితం మీది హక్కు బెంచీ దాకా రావడానికి చాలా టైమ్ పట్టింది. మా అబ్బా తాపీమేస్త్రీ. నా బచ్‌పన్‌లో ఒక ఊళ్లో ఆయనకి లోపల గాజుగ్లాసు, ఆయన దగ్గర పనిచేసే మాల కుర్రాడికి బయట చూరులో దోపిన గ్లాసు. అబ్బా తన గ్లాసు పట్టుకుని బయటికొచ్చి, ఆ అబ్బాయి పక్కనే నిలబడి తాగాడు. హోటల్ ఆయనతో ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక అమ్మీ అడిగితే, "మన దస్తర్ఖాన్ మీద దూదేకులవాళ్లని కూర్చోబెట్టడానికి కూడా కొందరు ముఖం తిప్పుకుంటారు, ముందు దాని సంగతి చూడు" అన్నాడు. ఆ జవాబు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

పెద్దాయన ఇంకో చాయ్ చెప్పాడు. అంతలో పొలం పనికి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మేమిద్దరం జరిగి చోటిచ్చాం. ఆయన వాళ్ల కులం అడగలేదు, నా మజహబ్ ఆయనకి తెలుసు. తాగిన గ్లాసులన్నీ ఒకే బకెట్‌లో పడ్డాయి. ఆ బకెట్‌ని అబ్బాకి చూపించాలనిపించింది.