ముఖచిత్రములు – పాఠకులు

పత్రికను చదువుటకు ముందు మనము దాని ముఖచిత్రమును చదువుదుము. ఆ పత్రిక యెవరి కొఱకు వెలువడినదో, వారి యభిరుచి యెట్టిదని సంపాదకుడు తలచెనో ఆ యొక్క పుటయే తెలుపును. శాసనమువలె నదియు చరిత్రకు ఆధారమే.

తెలుగు పత్రికలు తమ పాఠకులను ముందుగనే నిర్ణయించుకొనుచు వచ్చినవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన 'భారతి' సాహిత్యాభిమానులది. డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో ప్రారంభించిన 'గృహలక్ష్మి' స్త్రీలది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ఆరంభించిన 'బాల' పిల్లలది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 'చందమామ'ను వెలువరించిరి. తెలుగు, తమిళములతో మొదలైన యా పత్రిక క్రమముగా కన్నడము, హిందీ, ఒరియా మున్నగు భాషలకు వ్యాపించినది. ఇన్ని భాషల పిల్లలను పిలువవలసిన బొమ్మ అక్షరముల సాయము లేకయే కథ చెప్పవలెను. కావుననే ఎం. టి. వి. ఆచార్యగారును, వడ్డాది పాపయ్యగారును పురాణ, జానపద కథలలోని ఘట్టములను నిండు రంగులలో చిత్రించిరి. తరువాత నేమి జరుగునో యన్న కుతూహలము పిల్లవానిచే పుట త్రిప్పించును.

పాపయ్యగారు 1921లో శ్రీకాకుళమున జన్మించిరి, 1992లో పరమపదించిరి. వారు నివసించిన కశింకోట మనకు దూరము కాదు. పాడేరు ఘాటీ దిగి, చోడవరము మీదుగా అనకాపల్లి చేరినచో చెంతనే యున్నది. 'చందమామ'కు రాక్షసులను, రాజకుమారులను వ్రాసిన యా కుంచెయే పెద్దలు చదువు 'యువ'కు తెలుగు స్త్రీల సౌందర్యమును, ఋతువుల శోభను వ్రాసినది. కుంచె యొక్కటే, చూచువారు వేఱు. ముఖచిత్ర కళలోని మర్మమంతయు నిందే యున్నది.

మన కొండలలో నీ విషయము మఱింత ముఖ్యము. ఇంట కువి, ఆదివాసి ఒరియా పలుకు బిడ్డకు తెలుగు లిపి కంటె ముందు బొమ్మయే పరిచయమగును. ఆ బొమ్మలో తన కొండ, తన సంత, తన థింసా కనబడినచో ఆ బిడ్డ పత్రికను తనదిగా భావించును. ముందు ముందు చిత్రకారులు దీనిని తలపవలెను.

పైన పేర్కొన్న పత్రికలన్నియు నిలిచిపోయినవి. పాత సంచికలకు బైండు కట్టునపుడు అట్టలను చించి పాఱవేయుట పెక్కుచోట్ల వాడుక. అట్ట పోయినచో కథలు మిగులును; ఎవరిని పిలిచినదో తెలుపు గుర్తు నశించును. రజతోత్సవ శుభవేళ మన గ్రంథాలయము ప్రతి సంచికను అట్టతో గూడ భద్రపఱచు నియమమును చేకొనుగాక.