బేరం కంటే ముందు చూపు

ధర్మవరం అంగడిలో చీరలు పరిచే మనిషి కొనేవాళ్ళ మాటల్ని పెద్దగా పట్టించుకోడు. "ఊరికే చూద్దామని వచ్చాం" అన్నా, "ఇంత రేటా!" అన్నా నవ్వి ఊరుకుంటాడు. ఆయన కనిపెట్టేది చూపుని. అది ఏ అంచు మీద రెండోసారి నిలిచిందో చూసుకుని, అలాంటివే మరో నాలుగు విప్పుతాడు. చైనాలో జేడ్ రాళ్ళ వర్తకులు కొనేవాడి కంటిపాపను బట్టి ధర చెప్పేవారని చికాగో మనస్తత్వవేత్త ఎక్‌హార్డ్ హెస్ రాశాడు. నచ్చినది కనబడితే పాప పెద్దదవుతుందని 1960లో ప్రయోగాలతో చెప్పినవాడూ ఆయనే. అయితే అంకెల్ని గుర్తుపెట్టుకోవడానికి కష్టపడుతున్నప్పుడు కూడా పాప విప్పారుతుందని 1966లో డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ తేల్చారు. అంటే చీర నచ్చినా, మనసులో లెక్కలు వేసుకుంటున్నా కన్ను ఒకేలా కనిపించవచ్చు!

కంటి కదలికల శాస్త్రం మాత్రం బేరంలో పుట్టలేదు, చదువులో పుట్టింది. 1879లో జర్మనీకి చెందిన ఎవాల్డ్ హెరింగ్ కనురెప్పల మీద రబ్బరు గొట్టాలు ఆనించి, చదువుతున్నప్పుడు కంటి కండరాలు చేసే చప్పుడు విన్నాడు. కన్ను అక్షరాల వెంట జారుకుంటూ పోదు, ఆగుతూ గెంతుతుంది. 1898లో అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ మత్తుమందు వేసిన కంటికి ప్లాస్టర్ చిప్పను అతికించి, దానికి అల్యూమినియం ముల్లు బిగించి ఆ గెంతులను గీయించాడు. చదువుతుంటేనే కళ్ళు చెమర్చే ఈ పద్ధతి నుంచి 1901లో డాడ్జ్, క్లైన్ ఫొటోగ్రఫీతో విముక్తి కలిగించారు. కంటి మీద పడి తిరిగొచ్చే వెలుగును ఫొటో ప్లేటు మీద పట్టడం వాళ్ళ పద్ధతి.

అసలు మలుపు రష్యాలో వచ్చింది. ఆల్ఫ్రెడ్ యార్బస్ ఒకే వర్ణచిత్రాన్ని ఒకే మనిషికి ఏడుసార్లు చూపించాడు. మొదటిసారి ఊరికే చూడమని, ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కో పని చెప్పాడు. వయసులు అంచనా వేయమంటే చూపు ముఖాల మీదికి పోయింది. బట్టలు గుర్తుపెట్టుకోమంటే దుస్తుల మీద తిరిగింది. 1967లో ఇంగ్లిషులోకి వచ్చిన ఆయన పుస్తకంతో ఇది లోకానికి తెలిసింది.

యార్బస్ చెప్పింది చూడాలంటే హిందూపురం నుంచి లేపాక్షి పోతే చాలు. అక్కడ గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. యాత్రికుడు వీరభద్రుడి ముఖం వెతుక్కుంటాడు. ధర్మవరం నేతగాడైతే ఆ బొమ్మల చీరల అంచుల దగ్గరే ఆగుతాడని నా ఊహ, ఎందుకంటే ఆ నమూనాలు మగ్గాల మీదికీ ఎక్కాయి. ఈలోగా పెనుకొండ కోశాధికారి విరుపణ్ణ రాజశిక్షకు ముందే తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడన్న కథ గైడు ఎత్తుకుంటాడు. తలలన్నీ గోడ మీది ఎర్రటి మరకల వైపు తిరుగుతాయి. అంతటి చిత్రాలూ ఆ కాసేపు అనాథలే.

చూపు నిర్ణయాన్ని బయటపెట్టడమే కాదు, నిర్ణయం చేయడంలోనూ పాలుపంచుకుంటుందా? 2003లో కాల్టెక్‌లో షిన్‌సుకె షిమోజో బృందం రెండు ముఖాల్లో ఒకటి ఎంచుకోమంది. తుది మాట చెప్పే ముందు చూపు ఎంచుకోబోయే ముఖం వైపు అంతకంతకూ మొగ్గింది. ఒక ముఖాన్ని కాస్త ఎక్కువసేపు చూసేలా చేస్తే దానికే ఓట్లు పెరిగాయి. 2010లో ఇయాన్ క్రాజ్‌బిచ్ తదితరులు చిరుతిళ్ళతో దీనికో లెక్క కట్టారు. చూస్తున్న వస్తువు విలువ మనసులో పూర్తిగా జమవుతుంది, చూడనిదానికి కోత పడుతుంది.

ఇక్కడి నుంచి ఉత్సాహం హద్దు దాటిందనిపిస్తుంది. చూపును కనిపెట్టి సరైన క్షణంలో సమాధానం అడిగితే నైతిక నిర్ణయాలూ మొగ్గుతాయని 2015లో ఫిలిప్ పార్నమెట్స్ బృందం ప్రకటించింది. 2018లో న్యూవెల్, లె పెల్లీ మళ్ళీ చేసి చూస్తే ఇంద్రియానికి తెలిసే తేడాల్లో ఆ ఎత్తు పారింది, నీతి దగ్గర పారలేదు. చీరకూ ధర్మసందేహానికీ ఒకే కొలబద్ద పనికిరాదని నేనూ అనుకుంటాను.

పైగా అందరి చూపూ ఒకటి కాదు. ఇప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్న రమేశ్ కుమార్ మిశ్రా 2012లో సహచరులతో కలిసి వెలువరించిన హిందీ అధ్యయనంలో, బాగా చదువుకున్నవారి కళ్ళు వాక్యంలో రాబోయే వస్తువు పేరు వినబడకముందే దాని బొమ్మ మీదికి వెళ్ళాయి. చదువు అంతగా లేనివారి కళ్ళు ఆ పేరు వినబడ్డాకే కదిలాయి.

చూపు సంగతి ప్రయోగశాలల్లోనే ఆగలేదు, కార్లలోకీ వచ్చింది. 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న ఎర్రమంచి, విరుపణ్ణ పెనుకొండ పక్కనే ఉంది. కార్ల పరిశ్రమకు చూపు ఇప్పుడు చట్టం సంగతి కూడా. డ్రైవరు దృష్టి మళ్ళితే హెచ్చరించే ఏర్పాటును ఐరోపా సమాఖ్య 2024 జులై నుంచి కొత్త మోడళ్ళకు తప్పనిసరి చేసింది. చూపు రోడ్డు మీద ఉందా లేదా అన్నదే దానికి కావాలి, ఎందుకు మళ్ళిందో అక్కర్లేదు.