మూడు సురాల ముఖద్దమా

2013 జూన్‌లో ఒక రాత్రి సెకండ్ షో చూసి బయటికొచ్చాక నా భాంజా నాతో మూడు రోజులు మాట్లాడలేదు. కారణం వింటే నవ్వుతారు. 'మ్యాన్ ఆఫ్ స్టీల్' సినిమా అది. "సూపర్‌మ్యాన్ అయితే వచ్చాడు గానీ, అతని బాజా ఏదిరా?" అన్నాను. అంతే.

"మామూ, మీకు ఆ పాత బాకాలే కావాలి. ఇది హాన్స్ జిమ్మర్. దిల్ మీద కొడతాడు" అన్నాడు.

"దిల్ మీద కాదు, చెవుల మీద కొట్టాడు" అన్నాను. బైక్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆటోలో ఇంటికొచ్చాను.

వాడికప్పుడు పంతొమ్మిదేళ్లు. బారాత్‌లలో మర్ఫా కొట్టే కుర్రాళ్లతో తిరిగేవాడు. నేనేమో బ్యాండువాడి కొడుకుని. మా అబ్బా పెళ్లిళ్లలో ట్రంపెట్ ఊదేవారు. 'సూపర్‌మ్యాన్' మొదటిసారి చూసింది నా చిన్నప్పుడు, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో, మొహల్లా పిల్లలందరం చాపల మీద కూర్చుని. అక్షరాలు నీలంగా ఎగిరొస్తుంటే వెనక ట్రంపెట్లు మోగాయి. అబ్బా చేతిలో చాయ్ చల్లారిపోయింది. మర్నాడు పొద్దున నాష్తా కూడా చేయకుండా ఆ ముక్కని ట్రంపెట్ మీద పట్టుకోవడానికి కూర్చున్నారు. పట్టేశారు కూడా. ఆ తర్వాత రెండు మూడేళ్లు మా గల్లీ దూల్హాలు గుర్రం ఎక్కింది ఆ ధున్‌కే. ఎవరికీ అది ఎక్కడిదో తెలియదు. బాగుంది కదా, అంతే.

అందుకని ఈ బహస్‌లో నేను నిష్పక్షపాతిని కాను, ముందే చెబుతున్నా. కానీ భాంజా అలిగాక ఈ సంగీతం తారీఖు కొంచెం తవ్వి చూశాను. తవ్వుతుంటే నా వాదనకే అక్కడక్కడా బీటలు పడ్డాయి.

మొదటి సంగతి, ఆ 1978 సంగీతం అసలు జాన్ విలియమ్స్‌కి రావాల్సింది కాదు. దర్శకుడు రిచర్డ్ డోనర్ అంతకుముందు 'ది ఓమెన్' తీసింది జెర్రీ గోల్డ్‌స్మిత్‌తో. 'సూపర్‌మ్యాన్' కూడా మొదట ఆయనకే అనుకున్నారు. తేదీలు కుదరక విలియమ్స్ వచ్చాడు. అప్పటికి ఆయన 'జాస్' చేశాడు, 'స్టార్ వార్స్' చేశాడు. 'స్టార్ వార్స్'కి వాయించిన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రానే ఇక్కడా పెట్టుకున్నాడు. డోనర్ తర్వాత ఎన్నోసార్లు చెప్పిన ఖిస్సా ఒకటుంది. రికార్డింగ్‌లో ఆ మార్చ్ మొదటిసారి వాయిస్తుంటే, పల్లవి చివర వచ్చే మూడు సురాలు 'సూ-పర్-మ్యాన్' అని పేరు పెట్టి పిలిచినట్టే వినబడ్డాయట. ఖుషీ ఆపుకోలేక అరుస్తూ పరుగెత్తాడు. మైకులన్నీ ఆన్‌లో ఉన్నాయి. ఆ టేక్ బర్బాద్!

ఫ్యాన్లు నలభై అయిదేళ్లుగా పట్టుకు వేలాడుతున్నది ఈ మూడు సురాల మీదే. పాట లేదు, మాట లేదు, అయినా పేరు పలుకుతుంది.

సంగీతం తెలిసినవాళ్లు ఇంకో మాట చెబుతారు. ఆ ధున్‌కి వెన్నెముక షడ్జమం నుంచి పంచమానికి వేసే గంతు. మన తంబూరా రోజంతా పలికేది కూడా ఆ సా-పా జోడినే కదా. ఏ అలంకారమూ లేని ఈ దూరం చెవికి విశాలంగా, ఖాళీ మైదానంలా వినిపిస్తుంది. 1896లో రిచర్డ్ స్ట్రాస్, నీచే పుస్తకం 'జరతూష్ట్ర' పేరు మీద రాసిన సంగీతం కూడా సా-పా-సా అంటూనే లేస్తుంది. 'అతిమానవుడు' అన్న ఖయాల్‌కి మషూర్ కితాబ్ అదే. విలియమ్స్ ఇదంతా లెక్క వేసుకుని రాశాడని నేననను. ట్రంపెట్ ఊదేవాడి పెదవికి ఈ గంతు సహజంగా వస్తుంది, మా అబ్బా ఒక్క పొద్దుటిలో పట్టేయడానికి అసలు కారణం అదేనేమో.

ఇక నాకు బాగా నచ్చిన మలుపు. 1979 ఆస్కార్‌లో ఈ సంగీతం నామినేషన్ దాకా వెళ్లి ఓడిపోయింది. గెలిచింది ఎవరనుకున్నారు? 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'కి జార్జియో మొరోడర్ సింథసైజర్ మీద చేసిన సంగీతం. మిషన్ గెలిచింది, ఆర్కెస్ట్రా ఓడింది. జిమ్మర్ వచ్చి సంగీతాన్ని మిషన్ల పాలు చేశాడని ఏడ్చే నాలాంటి పాతకాలపువాళ్లు ఈ తేదీ మర్చిపోతుంటారు.

బ్యాట్‌మ్యాన్ కథ ఇంకో తీరు. 1989లో టిమ్ బర్టన్ సినిమాకి డానీ ఎల్ఫ్‌మన్ చీకటి చీకటిగా ఒక ధున్ కట్టాడు. 2005లో క్రిస్టఫర్ నోలన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ ఇద్దరూ కలిసి దాన్ని పక్కన పెట్టేశారు. వాళ్ల బ్యాట్‌మ్యాన్‌కి గుర్తు దాదాపు రెండే సురాలు. ఫ్యాన్లు అప్పుడే రెండు ఫిర్కాలయ్యారు. ఈలవేసి పాడుకోలేనిది ధున్ ఎలా అవుతుందని ఒకరు, మనసు విరిగినవాడు తన గురించి పాట పాడుకుంటాడా అని ఇంకొకరు. రెండోవాళ్ల దలీల్ కొట్టిపారేసేది కాదు. 2008లో 'ది డార్క్ నైట్' వచ్చింది. జోకర్ కోసం జిమ్మర్ చేసింది విన్నారా? ఒకే ఒక్క చెల్లో సురం, మెల్లగా బిగుసుకుంటూ పైకి పాకుతుంది. తీగల మీద బ్లేడు పెట్టి గీకి చూశారట. ధున్ లేదు సరే, కానీ వెన్నులో చలి పుడుతుందా లేదా? పుడుతుంది. కబూల్.

ఆ సంగీతాన్ని ఆస్కార్ వాళ్లు మొదట అసలు అర్హతే లేదన్నారు. కాగితాల మీద అయిదుగురి పేర్లు ఉన్నాయట. తర్వాత ఆ ఫైస్లా వెనక్కి తీసుకున్నారు, అయినా నామినేషన్ ఇవ్వలేదు. ఆ ఏడాది 'స్లమ్‌డాగ్ మిలియనేర్'కి ఆ బొమ్మ పట్టుకుపోయింది మన రహమాన్ సాబ్. జిమ్మర్ ఫ్యాన్లకు ఇప్పటికీ ఈ సంగతి కడుపులో ముల్లు. మనకేమో ఈద్.

మళ్లీ సూపర్‌మ్యాన్ దగ్గరికి. 2006లో 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' వస్తే జాన్ ఆట్‌మన్ విలియమ్స్ మార్చ్‌ని అదబ్‌గా అలాగే ఉంచేశాడు. 2013 నాటికి స్నైడర్ కొత్త సినిమా కాబట్టి కొత్త సంగీతం అన్నాడు. విలియమ్స్ నీడలో ఈ పని ఒప్పుకోవడానికి తాను చాలా జంకానని జిమ్మర్ కూడా చెప్పుకున్నాడు. నేను హాల్లో కూర్చుని 'అంతా కంప్యూటర్ చప్పుడు' అనుకున్నది ఏమిటో తెలిశాక నాకు సిగ్గేసింది. జిమ్మర్ పదిమందికి పైగా డ్రమ్మర్లను ఒకే గదిలో గుండ్రంగా కూర్చోబెట్టి ఒకేసారి వాయించాడు. ఫారెల్ విలియమ్స్ ఉన్నాడు అందులో, షీలా ఈ ఉంది, లెడ్ జెప్పెలిన్ జాన్ బోనమ్ కొడుకు జేసన్ ఉన్నాడు. కాన్సాస్ పొలాల పిల్లవాడి కోసం అమెరికా పల్లె పాటల్లో మోగే పెడల్ స్టీల్ గిటార్లు కొన్ని తెచ్చి, ఆర్కెస్ట్రాలో వయొలిన్లు చేసే పని వాటితో చేయించాడు. అంటే చేతులే. మనుషుల చేతులే.

గుండ్రంగా నిలబడి కొట్టే డ్రమ్ములంటే మనకు కొత్తా? నిజాం కాలంలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ సిద్దీలు, యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు తెచ్చినదే కదా మన మర్ఫా. బార్కాస్ వైపు పెళ్లికి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. భాంజాకి ఆ సంగీతం ఎందుకు తగిలిందో అప్పుడు అర్థమైంది. నాకు ట్రంపెట్ ఏదో వాడికి డప్పు అది. నేను సినిమాలో వెతికింది సూపర్‌మ్యాన్ కోసం కాదు, అబ్బా కోసం. డీజే బండ్లు వచ్చాక అబ్బా ట్రంపెట్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. డ్రమ్ము మోత వినబడితే చాలు నాకు ఆ డీజే బండే గుర్తొచ్చేది. కోపం ఒకరి మీద, తీర్చుకున్నది ఇంకొకరి మీద. వాడికి ఫోన్ చేసి మాఫీ అడిగాను. "ఛోడో మామూ" అన్నాడు, బిర్యానీ తినిపించమన్నాడు.

బహస్ మాత్రం అక్కడితో ఆగలేదు, ఇంకా చేదెక్కింది. 2017లో 'జస్టిస్ లీగ్' మధ్యలో ఉండగా స్నైడర్ కూతురు చనిపోయింది. ఆయన తప్పుకున్నాడు. సినిమా జాస్ వీడన్ చేతికి వెళ్లింది. సంగీతం చేస్తున్న టామ్ హోల్కెన్‌బర్గ్‌ని తీసేసి ఎల్ఫ్‌మన్‌ని తెచ్చారు. ఎల్ఫ్‌మన్ తన 1989 బ్యాట్‌మ్యాన్ ధున్ వాడాడు, తిరిగి బతికిన సూపర్‌మ్యాన్ సాటివాళ్ల మీదే విరుచుకుపడే చోట విలియమ్స్ ధున్‌ని నల్లగా వక్రించి వినిపించాడు. ప్రతి కొత్త సినిమాకీ పాత ధున్ పారేయడం ఏం తెలివి అని ఆయన వాదన. మామూలుగా అయితే నేను చప్పట్లు కొట్టాలి. కొట్టలేకపోయాను. ఆ ధున్ అక్కడ అద్దెకొచ్చినట్టుంది. ముందు రెండు సినిమాల్లో ఆ మనిషికి వేరే సంగీతం ఉండేది కదా. ఉన్నట్టుండి వేరేవాళ్ల షేర్వానీ తొడిగితే భుజాల దగ్గర పట్టేస్తుంది.

2021 మార్చిలో స్నైడర్ తన నాలుగు గంటల సినిమా విడుదల చేశాడు. హోల్కెన్‌బర్గ్ వెనక్కి వచ్చాడు. అంతకుముందు చేసినదాన్ని అతుకులు వేయకుండా మళ్లీ మొదటినుంచి రాశాడు. ఆల్బమ్‌లో 54 ట్రాకులు, దాదాపు సినిమా అంత పొడవు. నిజం చెప్పాలంటే సగం నాకు అలసట తెప్పించింది. కానీ అన్నీ అయ్యాక, పేర్లు పడేటప్పుడు, ఆ కూతురికి ఇష్టమైన పాటని ఒక ఆడగొంతు నెమ్మదిగా పాడుతుంది. అక్కడ సినిమా ఆమెకు అంకితమని కనబడుతుంది. ఆ సినిమా కోసం కొట్లాడిన ఫ్యాన్లే ఆత్మహత్యల నివారణ కోసం చందాలు పోగుచేశారు. ఆ రాత్రి ఏ ధున్ గొప్పదన్న మాట నేనూ ఎత్తలేదు, భాంజా కూడా.

2025లో జేమ్స్ గన్ 'సూపర్‌మ్యాన్' వచ్చింది. జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ ఇద్దరూ కలిసి విలియమ్స్ మూడు సురాలని ఎలక్ట్రిక్ గిటార్ మీద ఎక్కించారు. ఇంటర్వెల్‌లోనే భాంజా మెసేజ్ వచ్చింది. "మామూ, మీ బాజా దొరికింది, సంతోషమా?"

"ట్రంపెట్ వాయించాల్సింది గిటార్ ఎందుకు వాయిస్తోందిరా?" అని రాశాను.

ఇంకా జవాబు రాలేదు. ఈసారి ఎన్ని రోజులో చూడాలి.