గూఢచారి ఎవరి మనిషి?

యుద్ధానంతరం నాలుగు రాజ్యాలు పంచుకున్న వియన్నాలో కల్తీ పెన్సిలిన్ అమ్ముకునే స్నేహితుడి కథ, కెరల్ రీడ్ 'ది థర్డ్ మాన్' (1949). మార్టిన్ రిట్ 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' (1965)లో గూఢచారిని సొంత శాఖే మోసగిస్తుంది. బెర్లిన్ గోడ దగ్గర అతడు చస్తాడు. రెండూ నలుపు తెలుపు చిత్రాలే. కానీ మంచీ చెడూ అంత స్పష్టంగా విడిపోవు వాటిలో.

మరుసటి ఏడాదే మనకు కృష్ణ 'గూఢచారి 116' వచ్చింది. తుపాకీ వచ్చింది, పాటలొచ్చాయి, ఆ అనుమానం మాత్రం రాలేదు. సర్కారు మనిషి గనుక మంచివాడే!

1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కరీంనగర్, ఆదిలాబాద్ ప్రేక్షకుడికి సర్కారు మనిషి మంచివాడేనని తెర మీద చూపితే నమ్మడానికి కారణమేముంది?