పెరటి చెట్టు

పెరటి చెట్టు మందునకు రాదని మనవారి సామెత. చేరువనున్న వస్తువునందు మనుష్యునకు ఆదరముండదని దాని భావము. తక్కిన విషయములలో నెట్లున్నను, విశాఖపట్టణమునందలి మన యిండ్ల తోటల విషయమున నీ సామెత సార్థకమైనది. డాబాలమీదను, ప్రహరీగోడల లోపలను గృహస్థులు మిక్కిలి శ్రద్ధతో మొక్కలను పెంచుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యా మొక్కల జన్మస్థానమును విచారించినచో, కాగితపుపూల తీగ బ్రెజిలు దేశపుదనియు, తురాయి మడగాస్కరు ద్వీపపుదనియు, క్రోటనులు తూర్పుసముద్రపు దీవులవనియు తేలును. సింహాచలము కొండలపై తమంత మొలచు మొక్క యొక్కటియైనను పెక్కిండ్లలో కానరాదు. అపురూపమైన మొక్క యనగా దూరదేశమునుండి వచ్చినదని మన మర్థము చేసికొంటిమి.

సుమారు రెండువందల నలువది సంవత్సరముల క్రిందట ఈ యర్థము తలక్రిందుగా నుండెను. అప్పుడు దూరదేశమునుండి ఈ తీరమునకు వచ్చినవారికి మన గట్లమీది తుప్పలే యపురూపములుగా తోచినవి. ఆ చరిత్ర మనవారికి తెలియవలసినది.

స్వీడను దేశపు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసునకు శిష్యుడైన కోనిగ్ అను నాతడు కుంపిణీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండి, 1785లో కాకినాడయందలి జగన్నాథపురమున మరణించెను. కడపటి దినములలో ఆయన చెంతనున్నవాడు సామర్లకోటలోని కుంపిణీ వైద్యుడు విలియము రాక్స్‌బరో. కోనిగ్ ఉద్యోగము ప్యాట్రిక్ రస్సెల్ అను మరియొక వైద్యునకు లభించెను. రస్సెల్ సోదరుడు విశాఖపట్టణమున కుంపిణీ యధికారి. కావున రస్సెల్ ఇచ్చటనే కాపురముండెను. మన జాలరులు వలలతో తెచ్చిన చేపలను ఆయన చిత్రింపజేసి, ఇన్నూరు చేపలనుగూర్చి 1803లో ప్రకటించిన గ్రంథమున వాని తెలుగు పేర్లను సైతము చేర్చెను. ఈ తీరమున నుపయోగపడు మొక్కలనుగూర్చి యొక గ్రంథము వెలువరింపవలెనని కుంపిణీవారికి సూచించినవాడును రస్సెలే.

ఆ సూచన రాక్స్‌బరో చేతిలో ఫలించెను. ఆయన పని సుఖముగా సాగలేదు. 1787లో వచ్చిన గాలివానకు ఆయన పుస్తకములును, కూర్చుకొన్న యెండుమొక్కలును నష్టమయ్యెను. ఆయన మరల మొదలుపెట్టెను. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, మున్నూరు చిత్రములతో, కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము లండనులో ప్రకటింపబడెను. అందు పెక్కు మొక్కలకు తెలుగు పేర్లు కలవు. కొన్ని తెలుగు మాటలు ఏకముగా శాస్త్రనామములలోనికే ప్రవేశించినవి. మన సండ్ర 'అకేషియా సండ్రా' యైనది. మన సోమిదమాను తరువాతి కాలమున 'సోయ్‌మిడా' యను పేర ప్రపంచమంతట ప్రసిద్ధమైనది. చలిజ్వరమునకు దక్షిణ అమెరికానుండి రావలసిన సింకోనా పట్టకు బదులుగా సోమిద పట్ట పనికివచ్చునేమోయని రాక్స్‌బరో పరీక్షలు చేసి, 1793లో ప్రకటించెను. కాలక్రమమున క్వినైనే నిలిచినది. అయినను పెరటి చెట్టును మందునకై పరీక్షించి చూచిన వాడొకడుండెననుట గమనింపదగినది.

ఈ విజ్ఞానము కుతూహలమునకు మాత్రమే చెందినది కాదు. 1790 ప్రాంతమున ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. సముద్రమునకు దగ్గరనున్న యిసుక నేలలలో చిట్టీత యను పొట్టి జాతి యీత మొలచును. దాని బోదె మూరెడైనను ఎదుగక ఆకులలోనే దాగియుండును. బీదలు ఆ బోదెను చీల్చి, యెండబెట్టి, రోట దంచి, నారనుండి పిండిని జల్లించి, గంజి కాచుకొని త్రాగిరి. ఆ గంజి పెక్కుమంది ప్రాణములు నిలిపెనని రాక్స్‌బరో వ్రాసెను. ఆయన దానికి పెట్టిన లాటిను పేరునకు పిండినిచ్చు నీత యని యర్థము. కొబ్బరి, తాటి, పనస, అరటి మొదలగు వానిని విరివిగా నాటించినచో నట్టి విపత్తునకు కొంత ప్రతీకారము కలుగునని ఆయన ప్రభుత్వమునకు విన్నవించెను.

ఇక నొక ప్రశ్న. చిట్టీత బోదెలో పిండి యున్నదనియు, చిరివేరునుండి బట్టలకు ఎఱ్ఱరంగు వచ్చుననియు ఆయనకు చెప్పినవారెవరు? కొండలవారు, అద్దకపువారు, కట్టెలమ్ముకొను స్త్రీలు మొదలగు వారే గదా! చిత్రములను వ్రాసినవారును ఈ దేశపు చిత్రకారులే. ఆ చిత్రములు లండనులోని క్యూ ఉద్యానమున నేటికిని భద్రముగా నున్నవి. వ్రాసినవారి పేర్లు నిలువలేదు. మన పండితులు వారిని విద్యావంతులుగా నెన్నడును లెక్కింపలేదు. నేను బాల్యమున అమరకోశములోని వనౌషధివర్గమును తడబడకుండ వల్లెవేసినవాడను. అర్జునవృక్షమునకు పర్యాయపదములన్నియు నాకు తెలియును. మా యూరి యేటిగట్టున నున్న మద్దిచెట్టే యదియని నలువది యేండ్లు దాటినదాక తెలియలేదు. పదమొక చోటను, పదార్థమొక చోటను ఉంచి చదువుకొన్న చదువునకు నేనే నిదర్శనము.

ఇట్లనుటచే పరదేశపు మొక్కలను పెరికివేయుమని నా యభిప్రాయము కాదు. మిరప, జామ, బొప్పాయి, జీడిమామిడి అమెరికా ఖండమునుండి వచ్చినవే. అవి లేని ఆంధ్రుల యిల్లు లేదు. చింతచెట్టునకు సైతము ఆఫ్రికాయే పుట్టినిల్లందురు. వచ్చినదానిని ఆదరించుట మన గుణము. అది దోషము కాదు. ఉన్నదాని పేరు మరచుట దోషము.

మరచుటకు కారణములును లేకపోలేదు. ఉప్పుటేటి బురదనేలలను త్రవ్వి నిర్మించిన ఓడరేవు 1933లో తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. దానికై యనేక గ్రామములు తమ పెరళ్లతో సహా ఖాళీచేయవలసివచ్చెను. ఆ పరిశ్రమలు వేలకొలది కుటుంబములకు జీవనాధారములైనవి. వానిని నిందించుట తగదు. కాని పెరడు పోవునప్పుడు అందలి తిప్పతీగయు, నల్లేరును, వాని వాడుక నెఱిగిన అవ్వ మాటయు కలిసి పోయినవి. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఈ పట్టణపు చెట్లను ఒక్క దినమున నేలగూల్చెను. త్వరగా నీడనిచ్చునని నాటిన తురాయిలెన్నో వేళ్లతో లేచి పడినవి. పడినవానిలో మన చెట్లును కలవు. ఆ ఖాళీ స్థలమున మరల నేమి నాటవలెనను ప్రశ్న నాడు పట్టణమంతటికిని కలిగినది.

ప్రతి గృహస్థుడును తన శక్తికొలది దానికి సమాధానము చెప్పవచ్చును. స్థలమున్నవారు అంకుడు నాటవచ్చును. తెల్లని పూలు, జంటజంటగా వ్రేలాడు సన్నని కాయలు గల యీ చిన్న చెట్టు కఱ్ఱతోనే ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయుదురు. దీని యాకునుండి నీలిమందు వచ్చునని రాక్స్‌బరో వ్రాసెను. రాతినేల గలవారు కొండగోగు పెంచవచ్చును. ఆకు రాలిన పిదప వేసవి ముంగిట అది పచ్చని పెద్ద పూవులతో నిండును. సముద్రపు గాలి తగులు చోట పొన్నయు, కానుగయు బ్రతుకును. కుండీలు మాత్రమే గలవారికి నల్లేరు కాడ యొక్కటి చాలును. లేత కాడలతో పచ్చడియు చేసికొనవచ్చును.

కాని కొండకు పోయి మొక్కలను పెల్లగించి తేరాదు. కంబాలకొండ వన్యప్రాణి సంరక్షణకేంద్రము. అచ్చట ఆకునైనను త్రుంచుట నేరము. చిట్టీత వంటివి పెల్లగించినచో తరచుగా బ్రతుకవు కూడ. రోడ్డు ప్రక్కను, పొలము గట్టున రాలిన విత్తులను ఏరుకొని తొలకరికి నాటుట మేలు. పెదవాల్తేరులోని రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణమున వెలసిన జీవవైవిధ్య ఉద్యానమునకు పిల్లలను తీసికొనిపోయినచో ఏది యేదియో గుర్తుపట్టుట అలవడును.

నాటిన పిదప ఒక పలకమీద ఆ మొక్క తెలుగు పేరు వ్రాసి యుంచవలెను. ఆ పేరు తెలియనిచో పనిమనిషినో, కూరలమ్మునో, ఊరినుండి వచ్చిన పెద్దమ్మనో అడుగవలెను. రస్సెలును, రాక్స్‌బరోయు చేసిన పని అదియే. వారు పరదేశులై యడుగుటకు సిగ్గుపడలేదు. చెప్పగలవారు బ్రతికియున్నంతలో మనమును సిగ్గువిడిచి యడుగుట మంచిది.