గోధుమకు ఎరువు: దిగుబడి, గింజ నాణ్యతల చరిత్ర

గోధుమ చేనుకు ఎరువు వేసేటప్పుడు రెండు లెక్కలు చూస్తారు. ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతాయన్నది మొదటిది. ఆ గింజలో మాంసకృత్తులెన్ని, పిండి సాగి రొట్టె పొంగుతుందా అన్నది రెండోది. శాస్త్రం దిగుబడి లెక్కను 19వ శతాబ్దిలోనే చాలావరకు తేల్చింది. నాణ్యత సంగతి ఇంకా తేలుస్తూనే ఉంది. ఈ రెండింటికీ ముఖ్యమైన ఆధారాలు ఇంగ్లండులోని ఒక పొలంలో దొరికాయి.

బ్రాడ్‌బాక్ పొలం

హార్పెండెన్ దగ్గరి రోథామ్‌స్టెడ్ ఎస్టేటు యజమాని జాన్ బెన్నెట్ లాస్. భాస్వరం ఉన్న ముడిపదార్థాన్ని గంధకామ్లంతో కలిపి సూపర్ ఫాస్ఫేట్ తయారుచేసే పద్ధతికి ఆయన 1842లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్‌ను తోడు తెచ్చుకుని బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ చల్లించాడు. పొలాన్ని పొడవాటి మళ్లుగా విడదీశారు. ఒక మడికి ఏ ఎరువూ లేదు. ఒకదానికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు. మిగతా వాటికి నత్రజని, భాస్వరం, పొటాష్‌లను విడివిడిగానూ, రకరకాలుగా కలిపీ వేశారు. ఈ ప్రయోగం నేటికీ నడుస్తోంది.

దాని మొదటి ఫలితం ఒక పెద్ద తగవును తీర్చింది. పైరుకు కావలసిన నత్రజని గాలి నుంచే అందుతుందనీ, నేలకు ఖనిజాలిస్తే చాలుననీ జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వాదించాడు. ఖనిజాలు వానకు కొట్టుకుపోకూడదని నీటిలో కరగని ఎరువును కూడా తయారుచేయించాడు. కరగని ఎరువును వేళ్లు ఎలా తీసుకుంటాయి? అది విఫలమైంది. బ్రాడ్‌బాక్‌లో ఖనిజాలు మాత్రమే వేసిన మడి, ఏమీ వేయని మడి కంటే పెద్దగా మెరుగుపడలేదు. వాటికి అమ్మోనియా లవణాలు జోడించిన మళ్లు మాత్రం పశువుల ఎరువు మడితో పోటీపడి పండాయి.

వేసిందంతా పైరుకు చేరదని కూడా అక్కడే తెలిసింది. 1849లో మళ్ల కింద మురుగు గొట్టాలు వేశారు. 1860లలో వాటి నీటిని పరీక్షిస్తే నత్రజని నైట్రేటు రూపంలో జారిపోతున్నట్టు బయటపడింది.

ఏళ్ల తరబడి పోగుపడిన దిగుబడి అంకెల్ని విశ్లేషించడానికి 1919లో రొనాల్డ్ ఫిషర్ రోథామ్‌స్టెడ్‌లో చేరాడు. ఆధునిక గణాంక పద్ధతులు కొన్ని ఆ పనిలోనే పుట్టాయి. 

గాలి నుంచి ఎరువు

1898లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో రసాయన శాస్త్రవేత్త విలియం క్రూక్స్ ఒక హెచ్చరిక చేశాడు. ఎరువుగా వాడే చిలీ గనుల నైట్రేటు అడుగంటితే గోధుమ తినే దేశాలకు కరువు తప్పదనీ, గాలిలోని నత్రజనిని పట్టే దారి రసాయన శాస్త్రమే వెతకాలనీ అన్నాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అమ్మోనియా తయారీని ప్రయోగశాలలో చేసి చూపాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒపావులో ఉత్పత్తి మొదలైంది.

పొట్టి రకాలు

ఎరువు చేతికొచ్చింది కానీ పొడుగు గోధుమ దాన్ని తట్టుకోలేకపోయింది. నత్రజని ఎక్కువైతే కాండం ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు చేను పడిపోయేది. జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్ 10 అనే పొట్టి రకం జన్యువులు అమెరికా మీదుగా మెక్సికో చేరాయి. అక్కడ నార్మన్ బోర్లాగ్ వాటితో కొత్త రకాలు రూపొందించాడు. 1966లో భారత్ మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం తెప్పించింది. 1964-65లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న దేశ ఉత్పత్తి 1967-68కి 1.65 కోట్ల టన్నులకు చేరింది. 1968లో ప్రభుత్వం గోధుమ విప్లవం పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. ఎం.ఎస్. స్వామినాథన్ ముందుండి నడిపిన ఆ కృషిలో పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన ఎం.వి. రావు కూడా ముఖ్యుడు.

నీటి వసతి ఉన్న ఈ రకాలకు హెక్టారుకు 120 కిలోల వరకు నత్రజని సిఫారసు చేస్తారు. కొంత దుక్కిలో వేసి, మిగిలింది విత్తిన 21 రోజులప్పుడు ఇచ్చే మొదటి తడి నుంచి పైపాటుగా చల్లుతారు.

గింజలో ఏముంది?

ముందుగా వేసిన నత్రజని పిలకల్ని, వెన్నుల్ని పెంచుతుంది. ఆలస్యంగా, వెన్ను తీశాక వేసింది బస్తాల సంఖ్యను అంతగా పెంచదు, కానీ గింజలోని మాంసకృత్తుల్ని పెంచుతుంది. దిగుబడి బాగా పెరిగిన చేలో పిండిపదార్థం ఎక్కువై మాంసకృత్తుల శాతం పలచబడుతుంది. అందుకే రొట్టె గోధుమకు 13 శాతం మాంసకృత్తులు కోరే బ్రిటన్‌లో, గింజ పాలుపోసుకునే దశలో యూరియా ద్రావణం పిచికారీ చేసే రైతులున్నారు.

మాంసకృత్తులున్నా గంధకం తగ్గితే పిండి సరిగా సాగదు. ఒకప్పుడు ఫ్యాక్టరీల పొగలోని గంధకమే ఐరోపా చేలకు ఉచిత ఎరువు. గాలి శుభ్రపడ్డాక ఆ లోటు కనిపించి, గంధకాన్ని కొని వేయాల్సి వచ్చింది.

జింకు కథ వేరు. తుర్కియేలోని మధ్య అనటోలియాలో గోధుమ ఎందుకు ఎదగడం లేదో 1990లలో ఇస్మాయిల్ చక్మక్ బృందం పరిశోధిస్తే నేలలో జింకు లోపం బయటపడింది. జింకు వేస్తే దిగుబడి పెరిగింది. ఇక గింజలోని జింకు సంగతి. రోథామ్‌స్టెడ్ కొట్టులో దాచిన బ్రాడ్‌బాక్ పాత గింజల విశ్లేషణ 2008లో వెలువడింది. 1960ల నడిమి దాకా నిలకడగా ఉన్న జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం పొట్టి రకాలు వచ్చాక తగ్గాయని అందులో తేలింది. నేలలో అవి తగ్గిన జాడ లేదు. పూత తర్వాత ఆకులపై జింకు పిచికారీ చేస్తే గింజలోకి అది బాగా చేరుతుందని భారత్‌తో సహా పలు దేశాల పొలాల్లో రుజువైంది. అయితే నేలలో లోటు లేనిచోట ఆ పిచికారీ వల్ల బస్తాలు పెద్దగా పెరగవు.