డబుల్ అయింది నాణెమా, అచ్చా?

నాణేల పిచ్చి వున్నవాళ్ళెవర్ని కదిపినా 1955 ఫిలడెల్ఫియా సెంటు గురించి చెబుతారు. లింకన్ బొమ్మ చుట్టూ అక్షరాలు, సంవత్సరం అన్నీ జోడుగా, కళ్ళజోడు తీసేసి చూసినట్టు కనిపిస్తాయి. ఒక రాత్రి షిఫ్టులో చెడ్డ అచ్చు ఒకటి మిషనెక్కింది. గమనించేసరికి ఇరవై వేల పైచిలుకు సెంట్లు మంచివాటిలో కలిసిపోయాయని అంచనా. ఏరడం ఎవరి తరం? వదిలేశారు. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయిన బిల్డ్ లాగన్నమాట :)

ఇప్పుడు దాని ధర వెయ్యి డాలర్ల పైమాటే. దాంతో అక్షరం కాస్త జోడుగా కనిపించిన ప్రతి నాణేన్నీ "డబుల్డ్ డై" అని అమ్మేవాళ్ళు తయారయ్యారు. కొనేవాళ్ళు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

చాలామంది అనుకునేట్టు నాణేన్ని రెండుసార్లు కొట్టడం వల్ల వచ్చేది కాదిది. డబుల్ అయింది అచ్చు. ఉబ్బెత్తు బొమ్మ వున్న హబ్ అనే ఉక్కుదిమ్మెని ఇంకో ఉక్కుముక్క మీద నొక్కితే అచ్చు తయారవుతుంది. ఒక్క నొక్కుకే ఉక్కు గట్టిపడిపోతుంది, బొమ్మ పూర్తిగా దిగదు. అందుకని దాన్ని కాల్చి, మెత్తబరిచి, మళ్ళీ నొక్కేవారు. రెండోసారి పెట్టడంలో కాస్త తిరిగిందా, అచ్చులో రెండు బొమ్మలు పడతాయి. ఇక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెమూ ఒకేలా జోడుగా వస్తుంది. బగ్ సోర్స్ కోడ్‌లోనే వుందన్నమాట.

మిషన్ డబ్లింగ్ అలా కాదు, అది రన్‌టైమ్ గోల. బిగువు తగ్గిన అచ్చు, దెబ్బ పడ్డాక పక్కకి జారి అప్పుడే లేచిన అక్షరాన్ని అంచున చదును చేస్తుంది. భూతద్దంలో చూస్తే అక్షరం పక్కన ఓ పల్చటి మెట్టులా వుంటుంది. ఆ మెట్టు అక్షరంలోంచి చెక్కిందే కాబట్టి అక్షరం వెడల్పు పెరగదు. అసలైనదాంట్లో పెరుగుతుంది, అక్షరం మూలల్లో చిన్న గంటు కూడా కనిపిస్తుంది. పోతే, అరిగిపోయిన అచ్చుది మూడో రకం. 1955 సెంట్లలోనే చివరి అంకె మసకగా జోడైనవాటిని "పేదవాడి డబుల్ డై" అని అమ్మారు. పేరు బావుంది గానీ, అది ఉత్త అరుగుదల.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం 1969 శాన్‌ఫ్రాన్సిస్కో సెంటు మీదుంది. మన హైదరాబాదు టంకశాల నాణేలకి సంవత్సరం కింద నక్షత్రం వుంటుంది చూడండి, అలాగే దీనికి సంవత్సరం కింద ఎస్ అక్షరం. అప్పట్లో ఆ ఎస్ హబ్‌లో వుండేది కాదు, అచ్చు తయారయ్యాక విడిగా చేత్తో కొట్టేవారు. కాబట్టి అసలైన డబుల్డ్ డైలో సంవత్సరం జోడుగా వున్నా ఎస్ ఒక్కటే వుంటుంది. ఎస్ కూడా జోడైతే అది మిషన్ డబ్లింగే, ఆశ వదులుకోవచ్చు.

ఇంత తేలికైన పరీక్ష వున్నా, ఈ సెంట్లకి పెద్ద అన్యాయమే జరిగింది. అదే కాలంలో కొందరు 1969 ఫిలడెల్ఫియా సెంట్లని జోడు అక్షరాలతో దొంగచాటుగా అచ్చుకొట్టారు. ఆ వేటలో వున్న సీక్రెట్ సర్వీసు వాళ్ళు, శాన్‌ఫ్రాన్సిస్కోవి కూడా దొంగవే అనుకుని కొన్నిటిని పట్టుకెళ్ళి నాశనం చేశారు. అవి టంకశాల సొంత సరుకేనని తర్వాత తేలింది. 2007లో దొరికిన అలాంటి సెంటొకటి 2008 జనవరి వేలంలో 1,26,500 డాలర్లు పలికింది.

అన్నట్టు, 1990 నుంచి సెంట్ల మీద ఈ గుర్తుని ప్రతి అచ్చు మీదా విడిగా చేత్తో కొట్టడం మానేశారు. ఆ తర్వాతి వాటికి ఎస్ పరీక్ష పనికిరాదు. మళ్ళీ భూతద్దం పట్టుకుని మెట్టు, గంటు వెతుక్కోవాల్సిందే.